ఇన్వర్టర్ పక్కన కుర్చీ

పదకొండు కాగానే ఆమె కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి, పక్కగదిలో ఇన్వర్టర్ పెట్టిన చెక్కబీరువా ముందు కూర్చునేది. మూడింటిదాకా అదే ఆమె డ్యూటీ. కోపం వస్తే ఆమె ఒళ్లు చల్లబడేది. చేతిలో ఉన్న గ్లాసుకి చెమ్మ పట్టేంత చల్లగా. ఇంట్లో అందరికీ తెలిసిందే. ఎండాకాలం పాలగిన్నె కూడా ఆమె పక్కనే పెట్టేవాళ్లు.

డాబా మీద సోలార్ పలకలు పెట్టించినప్పుడు, ఇన్వర్టర్ ఫ్యాను రొద చెవులు తినేస్తోందని భర్త దాన్ని బీరువాలో పెట్టించి తలుపులు మూసేశాడు. రొద తగ్గలేదు సరికదా, లోపల వేడి ఎక్కువై ఫ్యాను ఇంకా మొత్తుకునేది. సరిగ్గా ఎండ మండే వేళకి కరెంటు సగానికి పడిపోయేది. అందుకని ఆమెని తెచ్చి అక్కడ కూర్చోబెట్టాడు.

ఊరికే కూర్చుంటే చల్లబడదుగా, కోపం తెప్పించాలి. ఆ విద్యలో ఆయనది అందె వేసిన చెయ్యి. నువ్వు కుట్టిన చొక్కా వంకరనేవాడు. మీ తమ్ముడు ఎందుకూ పనికిరాడనేవాడు. అత్తగారు తన వంతుగా ఓ మాట అందించేది. ఆమె పళ్లు బిగించుకుని కూర్చునేది. ఫ్యాను నెమ్మదించేది. ఆయన కాళ్లు చాపుకుని టీవీ చూసేవాడు.

ఒకరోజు మెకానిక్ వచ్చాడు. బీరువా తెరిచి, ఫ్యాను జాలీ మీద దుమ్ముని వేలితో గీసి చూశాడు.

"బిగించిన రోజే చెప్పాను కదా సార్. నీడపట్టున బయటిగోడకి పెడదాం, చుట్టూ జానెడు ఖాళీ ఉండాలి, అప్పుడప్పుడూ దుమ్ము దులపాలి అని. రొద కూడా బయటే పోయేది."

ఆమె తలెత్తింది. "ఎప్పుడు చెప్పారు?"

"మొదటిరోజేనమ్మా. కాగితం మీద రాసి కూడా ఇచ్చాను."

బయటిగోడకి అప్పుడే రంగు వేయించామని, కన్నాలు పెడితే పాడైపోతుందని భర్త గొణిగాడు.

గోడ రంగు కోసం. రెండు వేసవులు, రోజుకి నాలుగు గంటలు, గోడ రంగు కోసం. బీరువా తలుపుల మీద మంచు పేరుకుంది. ఫ్యాను ఆగిపోయింది. అత్తగారు శాలువా వెతుక్కుంటూ లోపలికెళ్లింది. మెకానిక్ మాత్రం అరచేతులు రుద్దుకుంటూ, మంచునీ ఆమెనీ మార్చిమార్చి చూసి, తమ వీధిలో మందుల షాపావిడ ఉందని, కరెంటు పోయినప్పుడల్లా ఇన్సులిన్ పాడైపోతోందని పాపం గగ్గోలు పెడుతోందని చెప్పాడు.

మర్నాడు పదింటికే ఆమె చెప్పులేసుకుంది. భర్త గుమ్మానికి అడ్డంగా నిలబడి, మరి ఇక్కడెవరు కూర్చుంటారని అడిగాడు.

"మీరే కూర్చోండి," అని ఆయన్ని తప్పించుకుని వెళ్లిపోయింది.

మందుల షాపావిడ ఆమెకి ఇన్సులిన్ అర చూపించి, గడ్డకట్టకూడదు, చల్లగా ఉంటే చాలని చెప్పింది. తర్వాత కాసేపు నసిగింది.

"నాకు మనుషుల్ని మాటలనడం చేతకాదమ్మా. మరి మీకు కోపం ఎలా వస్తుంది?"

"మీరేం అనక్కర్లేదండీ," అంది ఆమె, అరలో చెయ్యి పెడుతూ. "పెళ్లై పద్నాలుగేళ్లు. అదంతా ఉంది నా దగ్గర. కొంచెం కొంచెంగా వాడతాను."