నడిమి రేకు

మా కొండవీధిలో అన్నీ రేకుల ఇళ్లే. ఎండలు ముదరగానే బోల్టులు వదులు చేసి, కప్పు నడిమి రేకు కింద చెక్కముక్కలు దూర్చి కాస్త లేపుతాం. లోపలి వేడి ఆ సందులోంచి పోతుంది. తుఫానులు మొదలయ్యేలోగా ముక్కలు తీసి, రేకు దించి, బోల్టులు బిగించాలి. లేకపోతే గాలి ఆ సందులో దూరి కప్పునే ఎత్తుకుపోతుంది.

ఎప్పుడు దించాలో చెప్పేది మా ఆయన సుత్తి. ఆయన రేకుల మేస్త్రీ. ఆకాశం వంక చూసి, మా కప్పెక్కి ఠంగుమని కొడితే వీధంతా నిచ్చెనలు తీసేది. ఈ వేసవిలో మా రేకు లేపిన కొన్నాళ్లకే, పనిలో ఉండగా గుండె ఆగి పోయాడు.

అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. "రాయిలా కూర్చుంది చూడు" అని చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ, నాకేం! లాండ్రీలో ఇస్త్రీ చేసుకుంటూ ఉండిపోయాను. మొన్నటికి మొన్న అరచెయ్యి ఇస్త్రీ పెట్టెకి అంటుకుంటే, పక్కమనిషి కేక పెట్టేదాకా నాకు తెలియనే లేదు. బొబ్బ లేచింది, అంతే.

ఎండ తగ్గింది. మధ్యాహ్నానికే మబ్బు ముసురుతోంది, కొండ అవతల ఉరుములు.

"అత్తయ్యా, రేకు దించాలి" అన్నాను.

"వాడి చేత్తో పెట్టిన ముక్కలవి. ముట్టుకున్నావో, ఊరుకోను."

"కప్పు ఎగిరిపోతే?"

"పోనీ. నా కొడుకే పోయాడు."

అన్నం వండడానికి లోపలికి వెళ్లాను.

మర్నాడు పని నుంచి వస్తుంటే గాలికి దుమ్ము లేస్తోంది. ఎదురింటి దర్జీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతని కప్పు మీద సందు అలాగే ఉంది. తలెత్తి చూస్తే వీధి మొత్తం అంతే.

"ఏంటన్నా, ఇంకా దించలేదేం?"

"మీ ఇంటి మీద సుత్తి మోగలేదు కదమ్మా" అని నాలుక కరుచుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. పిల్లాజెల్లా ఉన్నవాళ్లు, పోయినవాడి సుత్తి కోసం కూర్చుంటారా! "మీ తెలివి తెల్లారినట్టే ఉంది" అని లోపలికి వెళ్లి, ఆయన సుత్తీ స్పానరూ తెచ్చి నిచ్చెన వేశాను.

అత్తయ్య అడ్డం నిలబడింది. "నేను చెప్పింది చెవికెక్కలేదా?"

"ఎక్కింది. వీధంతా మీ అబ్బాయి కోసం ఎదురుచూస్తోంది. ఇక రాడని మీరే వెళ్లి చెప్పండి, నేను ఎక్కను."

అత్తయ్య పక్కకి జరిగి నిచ్చెన పట్టుకుంది.

కప్పెక్కి, చెక్కముక్కలు లాగి కొంగులో వేసుకున్నాను. రేకు దిగడానికి సుత్తితో కొట్టాను. గరిటెతో గిన్నె వాయించినట్టు చప్పుడైంది. వీధిలో ఎవరూ కదల్లేదు.

"గట్టిగా కొట్టవే! వాడు అలాగే కొట్టేవాడా?" కింది నుంచి అరిచింది అత్తయ్య.

రెండు చేతులా ఎత్తి కొట్టాను. బొబ్బ చితికింది. అబ్బా, నొప్పి! ఇన్నాళ్లకి నొప్పి. దర్జీ కప్పు మీద సుత్తి మోగింది. తర్వాత వాళ్ల పక్కింటి మీద, ఆ తర్వాత కింద మలుపులో. చినుకులు మొదలయ్యాయి.

"అచ్చం వాడు కొట్టినట్టే ఉందే" అంది అత్తయ్య, నిచ్చెన వదలకుండా.

ఇంకా బోల్టులు మిగిలే ఉన్నాయి. ఏడుస్తూనే బిగించాను.