బ్రహ్మదండి పలక

ఇత్తడి కడ్డీని సగం దాకా తుడిచి ఏసుబాబు నడుము పట్టుకుని నిలబడ్డాడు. తాగేవాళ్ళు కాలు ఆనించుకునే కడ్డీ అది. ఇక మీద ఇక్కడ దాని మీద కాలు పెట్టేవాడు లేడని తెలుసు. అయినా చెయ్యి ఊరుకోలేదు.

పాతికమంది చేరితే ఊపిరాడని పబ్బు. స్కాట్లాండులో ఒక చిన్న రేవూరి నుంచి నూరేళ్ళు దాటిన లోపలి సామానంతా విప్పి, ఓడలో తెచ్చి, చాంగీ బిజినెస్ పార్క్ పక్కన బిగించారు. నల్లబడిన మహాగని గోడలు, పువ్వులు గీసిన గాజు అడ్డాలు, ఆడవాళ్ళు ఎవరి కంటా పడకుండా కూర్చునేందుకు ఒక బుల్లి గది. నిప్పుగూడు కూడా. సింగపూర్ ఉక్కలో నిప్పుగూడు! ఇరవై రెండేళ్ళలో దాన్ని ఒక్కసారీ వెలిగించలేదు గాని, ఏసుబాబు మాత్రం రోజూ బూడిద ఉన్నట్టే తుడిచాడు.

బిగించినవాడూ అతనే. నర్సాపురం వడ్రంగి. ఏసు పేరుకు వడ్రంగమే రాసిపెట్టినట్టుందని తోటివాళ్ళు నవ్వేవారు. ఈ ఒక్క ఏడాదే అనుకుంటూ కాంట్రాక్టరు దగ్గరే ఉండిపోయాడు. పొద్దున్నే వచ్చి, తలుపులు తెరిచేలోగా పబ్బును నిగనిగలాడించి పోయేవాడు.

ఇప్పుడు ఆ రేవూరివాళ్ళు తమ పబ్బును తిరిగి కొనుక్కున్నారు. మోరాగ్ అనే ఆవిడ అక్కడి నుంచి వచ్చి, కాగితం చూసుకుంటూ ప్రతి చెక్క మీదా సుద్దతో అంకె వేస్తోంది. చెక్కకు ఇంటికెళ్ళే యోగం పట్టిందని ఏసుబాబుకు అసూయగా ఉంది.

బుల్లి గదిలో ఏడు పలకలు. ఒక్కోదాని మీద ఒక్కో మొక్క. ఏడోది అప్పట్లో ఓడలో వస్తూ నీళ్ళు తాగి పువ్వు దగ్గర పుచ్చిపోయింది. మిగిలిన ముళ్ళాకులు చూసి ఏసుబాబు ఇది మా కాలవగట్టు బ్రహ్మదండే కదా అనుకున్నాడు. కొత్త టేకు పలక మీద ఆ ఆకులూ, నడుమ రెక్కలు విచ్చిన బ్రహ్మదండి పువ్వూ చెక్కి, రంగు కలిపి బిగించేశాడు. అది తిసిల్ అనే వేరే ముళ్ళమొక్క అనీ, కుచ్చులాంటి పువ్వనీ, వాళ్ళ దేశానికి గుర్తనీ తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడిక ఎవరికీ చెప్పలేదు.

మోరాగ్ ముళ్ళాకులు చూసి ఏడు అని రాసేసింది. ఏసుబాబు గుండె తేలికపడింది. తను పోలేకపోయినా తన చేతిపని ఒక ఇంటికి చేరుతుంది.

ఆవిడ ఆ పలకను తడుముతూ ఏదో చెప్పింది. మేనేజరు శశికాంత్ తెలుగులో అందుకున్నాడు.

"అక్కడ తొంభై ఏళ్ళ ముసలాయనొకడున్నాడంట, అంకుల్. చిన్నప్పుడు వాళ్ళమ్మ పక్కన ఇదే గదిలో కూర్చుని ఈ పువ్వు మీద వేలు తిప్పేవాడంట. ఇప్పుడు కళ్ళు పోయాయి. ఒక్కసారి తడిమి చూస్తానని వెయిట్ చేస్తున్నాడంట."

ఏసుబాబు చేతిలో గుడ్డ నలిగింది. కళ్ళున్నవాళ్ళను పాలిష్‌తో మోసం చేయొచ్చు గాని, వేళ్ళను చేయలేం. ఆ పెద్దాయన కుచ్చు కోసం వెతుక్కుంటాడు. ఎవరి ఊరిదో పువ్వు తగులుతుంది. సొంత చోటు కోసం ఎదురుచూడటమంటే ఏమిటో ఏసుబాబుకు ఒకరు చెప్పక్కర్లేదు.

"ఆవిడతో చెప్పండి సార్, అది ఆళ్ళది కాదండి. నేను చెక్కింది."

స్టోర్ రూములోకి వెళ్ళి, పేపర్లో చుట్టి దాచిన పుచ్చు పలక తెచ్చాడు. పువ్వు పోయినా కుచ్చు అడుగున ముళ్ళబుడిపె సగం మిగిలే ఉంది. మోరాగ్ దాని మీద వేలు తిప్పింది. ఆవిడ కళ్ళు తడిశాయి.

"ఇన్నేళ్ళూ ఎందుకు దాచారు, అంకుల్?" అన్నాడు శశికాంత్.

"పారేయడానికి చెయ్యి రాలేదండి."

ఆవిడ పుచ్చు పలకకు ఏడు వేసి, గోడ మీది ఏడును అరచేత్తో చెరిపింది. చాలా బాగుంది, కానీ మాది కాదు అన్నట్టు తల ఊపింది.

విప్పిన సామానంతా ఎక్కించుకుని నాలుగింటికల్లా లారీ వెళ్ళిపోయింది. రేపు టాంపినీస్‌లో ఇంకో సైటుకు రమ్మని ఏసుబాబుకు మెసేజ్ వచ్చింది. గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుని తలుపు దగ్గరగా లాగాడు.

లోపల బోసి సిమెంటు గోడకు ఒకే ఒక్క పలక, సగం చెరిగిన సుద్ద ఏడు కింద రెక్కలు విచ్చుకున్న బ్రహ్మదండి.