రెండో గుండీ

ఆ రోజు పొద్దున ఇంట్లో ఉన్నది నలుగురు: సైకిళ్ళు బాగుచేసే అన్నయ్య, వదిన, వాళ్ళ అమ్మాయి, గుండీలక్క. అమ్మాయి పుస్తకం ముందు, వదిన పొయ్యి ముందు కూర్చున్నారు. అన్నయ్య ఎప్పటిలాగే ముభావంగా ఉన్నాడు. గుండీలక్క కిటికీ వెలుతురులో చొక్కాకు ఆఖరి గుండీ కుట్టి, దారాన్ని పంటితో తెంపింది.

బట్టల కార్ఖానాలో ఆమె పని గుండీలు కుట్టడమే. సూది పొడిచీ పొడిచీ చూపుడువేలు కొన కాయకాచింది. చొక్కా కత్తిరించేది ఒకరు, కుట్టేది ఒకరు, మెచ్చుకోలు ఇంకొకరికి. ఒకప్పుడు ఆమెను చూసుకోవడానికి వచ్చిన పెళ్ళివారు చెల్లెల్ని చేసుకుని వెళ్ళారు. ఆ పెళ్ళిలో అందరికంటే ఎక్కువ చాకిరీ చేసింది గుండీలక్కే.

వచ్చే ఆదివారం ఊరు ఒక సంగతి తేల్చుకోవాలి. నగర ఎన్నికల్లో ఇకమీదట కూడా ఒక్క పేరు మీదే ముద్ర వేయాలా, లేక నచ్చిన వరసలో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయాలా? అంకెల పద్ధతే గెలవాలని గుండీలక్క ఇల్లిల్లూ తిరిగి చెబుతోంది.

"మీ అన్నయ్య ముందు మాత్రం ఓట్ల మాట ఎత్తకు తల్లీ," అంది వదిన గొంతు తగ్గించి. "ఆయన అన్నం మానేస్తే బతిమాలలేక చచ్చేది నేను."

కిందటి ఎన్నికల్లో, వీధిలోని మురుగుకాలువ మీద కోపంతో అన్నయ్యా, ఆయన ప్రాణస్నేహితుడు వడ్రంగి మేస్త్రీ ఒకరికి తెలియకుండా ఒకరు పోటీకి దిగారు. వాడే తప్పుకుంటాడులే అని ఇద్దరూ చివరిదాకా అనుకున్నారు. ఓట్లు చీలాయి. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు, కాలువ వైపు కన్నెత్తి చూడని మూడోవాడు గెలిచాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మధ్యాహ్నం కార్ఖానాలో, ఉన్న ఒక్క ఫ్యాను ఎటు తిప్పాలన్న గొడవ మళ్ళీ మొదలైంది. గుండీలక్క మూడు డబ్బాలు పెట్టింది: మిషన్ల వైపు, కత్తెర బల్ల వైపు, ఇస్త్రీ మూల వైపు. అందరూ తలా ఒక గుండీ వేశారు. మిషన్లకూ కత్తెర బల్లకూ సమానంగా పడ్డాయి. ఇస్త్రీ మూలకు పడింది ఒక్కటే, అది ఇస్త్రీ ఆవిడదే.

"నా బతుకింతే, తెలిసిందేగా," అందావిడ.

"ఆగు. నీది కాకపోతే, ఆ తర్వాత ఎటు కావాలి?"

"కత్తెర బల్ల వైపు. కాస్తయినా నా మీదికి వీస్తుంది."

గుండీలక్క ఆ గుండీని తీసి కత్తెర బల్ల డబ్బాలో వేసింది. దాంతో ఆ వైపే గెలిచింది. మిషన్ల మీదివాళ్ళంతా కుట్టడం ఆపి డబ్బాల చుట్టూ మూగారు.

"అయితే నాది పోలేదా?" అంది ఇస్త్రీ ఆవిడ, డబ్బాలోకి తొంగిచూస్తూ.

"పోలేదు. లేచి నడిచింది, అంతే."

ఎన్నిసార్లు చేసి చూపించినా ఆ క్షణంలో గుండీలక్క ఒళ్ళు జలదరిస్తుంది. ఓడినది కూడా లెక్కలోకి వస్తుంది! ఇంత చిన్న సంగతి లోకానికి ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో!

పని అయ్యాక గుండీలక్క వడ్రంగి మేస్త్రీ ఇంటి తలుపు తట్టింది. ఆయన ఉలులను గోనెపట్టాలో చుడుతున్నాడు.

"కూతురి దగ్గరికి పోతున్నానమ్మా. సాయంత్రం బస్సుకే. రేపటి నుంచి నేను ఈ ఊరివాణ్ణే కాను, ఇక నాకెందుకు ఓట్లు?"

"ఊరికే, సరదాకి వేయండి. కిందటిసారి నిలబడ్డ మీ ముగ్గురిలో ఎవరికి ముందు, ఎవరికి తర్వాత?" అంటూ గుప్పెడు గుండీలు ఆయన ముందు పెట్టింది.

ఆయన ఒక గుండీ తీశాడు. "ఇది నాకే." ఆమె నోరు తెరిచేలోగా రెండోదీ తీశాడు. "ఇది మీ అన్నకి. ఇంకెవరున్నారు?"

"మరి మూడోది?"

"ఆ పెద్దమనిషికా? చెక్కపొట్టు కూడా వేయను!"

ఆమె దాదాపు పరుగున ఇల్లు చేరింది. వదిన కూతురితో బజారుకు వెళ్ళింది. అన్నయ్య నేల మీద కూర్చుని సైకిల్ చక్రం తిప్పుతూ వంకర చూస్తున్నాడు.

"మేస్త్రీ ఊరొదిలి వెళ్ళిపోతున్నాడన్నయ్యా."

"పోనీ."

"రెండో గుండీ నీకే వేశాడు."

అన్నయ్య చేయి అడ్డుపెట్టాడు. చక్రం ఆగింది.

"నువ్వు అడిగావా?"

"నేను అడగనే లేదు."

"మొదటిది?"

"తనకే."

అన్నయ్య తల వంచుకున్నాడు. ఏడుస్తాడనుకుంది. కానీ పగలబడి నవ్వాడు. "వెధవ! నేనైనా అంతేగా! నాకొకటి, తర్వాత వాడికేగా!" నవ్వు ఆగి, ముఖం మారింది. "ఏ బస్సూ?"

ఆమె చెప్పేలోగా లేచాడు. రెండు అంగల్లో గడప దాటాడు. ఎప్పటి అలవాటు కొద్దీ తలుపు లాగి బయట గొళ్ళెం పెట్టేశాడు.

"అన్నయ్యా, లోపల నేనున్నా!"

బరువైన మనిషి పరుగు వీధి చివరిదాకా వినిపించింది. తలుపుకు ఇవతల, గడప పక్కన, ఆయన చెప్పులు రెండూ ఉన్నాయి.