అక్క వదులు చేసిన కోటు

కత్తెరమ్మ ఎంత గట్టి దర్జీ అంటే, కిటికీలోంచి వీధిలో పోయే మనిషిని ఒక్కసారి చూసి, ఆ మనిషి మలుపు తిరిగేలోపు చొక్కా కుట్టి బొత్తాలు కూడా పెట్టేసేది. అంతటిదానికీ తన నడుము కొలత మాత్రం గిట్టేది కాదు.

కుట్టుగది మూలన ఒంటికాలి గుడ్డబొమ్మ ఉండేది. కత్తెరమ్మ, తనతోపాటే కుట్టే ఆమె అక్క కలిసి దూది చుట్టి చుట్టి దాన్ని అక్క ఒంటి కొలతకు తెచ్చుకున్నారు. సన్నబడాలని అక్క హార్మోన్ మందు చుక్కలు వేసుకుంటూ, పిట్ట తిండి తింటూ, తను చిక్కిన కొద్దీ బొమ్మలోంచి దూది పీకేసేది. ఆఖరి కొలతకి ఒక నీలం కోటు కత్తిరించి, సగం కుట్టి, ఓ ఉదయం మేడమెట్ల మీద పరుగులు పెడుతూ కూలిపోయింది. మళ్ళీ లేవలేదు.

ఆ కోటు కత్తెరమ్మ పూర్తి చేసింది. అది తన ఒంటికి పట్టకపోయినా, అది వేసుకునే తను పెట్టబోయే కొత్త కొట్టు తలుపు తీస్తానని పంతం పట్టి, అవే చుక్కలు మొదలుపెట్టింది. డాక్టరమ్మ తిట్టింది. ఆ చుక్కలు కొవ్వు కరిగించవని, ఒంటిని కరిగిస్తున్నది ఆకలేనని, అంత తక్కువ తిండితో గుండె లయ తప్పుతుందని చెప్పింది. ముందు చుక్కలు మానేసి సరిగా తినమంది. అందాకా పరుగులు, గెంతులు వద్దే వద్దు, ఓపికుంటే కాస్త మెల్లగా నడువు, కళ్ళు తిరిగితే అదీ మానెయ్యి అంది. కత్తెరమ్మ బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి తాడు గెంతింది.

"నువ్వు పక్కకి తిరిగితే కనబడటం లేదే," అన్నాడు ఇస్త్రీ చేసే మొగుడు. "గదిలో ఒక్కణ్ణే ఉన్నాననుకుని పాట కూడా అందుకున్నా."

"ఇంకో రెండు వేళ్ళు తగ్గాలి. నీ పెట్టె మాడుతోంది చూసుకో."

మర్నాడు పొద్దున చూస్తే కోటు పక్కకుట్లు విప్పి ఉన్నాయి. విప్పిన దారం ఉంగరంలా చుట్టి మిషన్ మీద పెట్టి ఉంది. అలా చుట్టడం అక్క అలవాటు. కత్తెరమ్మ మొగుణ్ణి నిలదీసింది. కుట్లు విప్పడం వస్తే ఇస్త్రీపెట్టె ఎందుకు మోస్తానన్నాడతను. ఆమె మళ్ళీ బిగించి కుట్టింది. మళ్ళీ విప్పి ఉంది. పైగా బొమ్మ పొట్ట పెరుగుతోంది. ఇంట్లో దిండ్లన్నీ దుప్పట్లంత పలచబడిపోయాయి.

భయం వేసినకొద్దీ ఆమె ఇంకా గెంతింది. చివరికి ఆ మెట్లే ఎక్కి దిగడం మొదలుపెట్టింది. పై మెట్టు మీద గుండె టపటపా కొట్టుకుని, ఒక్క క్షణం కొట్టుకోవడం మరిచిపోయింది. కళ్ళు చీకట్లు కమ్మాయి. కాలు జారింది.

పడ్డది నేల మీద కాదు. మెత్తగా, వెచ్చగా ఉన్న పొట్ట మీద. ఒంటికాలి బొమ్మ గదిలోంచి మెట్ల కిందికి వచ్చి నిలబడి ఉంది.

"కూర్చోవే," అంది అక్క గొంతు, చెవి పక్కనే. "ఆ కోటు నా కొలత కాదు, పిచ్చిదానా. నేను పోతున్నప్పటి కొలత."

కత్తెరమ్మ కూర్చుంది. మొగుడు పరుగున వచ్చేసరికి బొమ్మను కావలించుకుని ఏడుస్తోంది. అతను ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు, చుక్కలు కాలవలో పోశాడు. ఆవిడ చెప్పినట్టే తిండి కొద్దికొద్దిగా పెంచారు.

ఒంట్లో ఓపిక వచ్చాక కోటు తిరగేసి చూస్తే, పక్కల లోపల అక్క బోలెడు గుడ్డ మడిచి ఉంచింది. ఎప్పటికైనా మళ్ళీ ఒళ్ళు చేస్తాననే అనుకుందన్నమాట. కత్తెరమ్మ ఆ గుడ్డంతా బయటికి తీసి, తన కొలతకి కుట్టుకుని, ఆ కోటుతోనే కొట్టు తెరిచింది.

ఇప్పుడు సాయంత్రాలు అదే కోటుతో నడకకు పోతుంది. అడుగు తొందరపడిందా, నడుము చుట్టూ చేతులు వేసి పట్టుకున్నట్టు కోటు బిగుస్తుంది.

"మెల్లిగానే పోతున్నాలే అక్కా," అంటుంది.

కోటు వదులవుతుంది.