బావి దగ్గర ఇద్దరు దేవేంద్రప్పలు

బొమ్మలు కదులుతాయని మొగుడు ఏసన్న చెబితే జీవమ్మ నమ్మలేదు. ఇప్పుడు ఊరి బయట కట్టిన తెల్లగుడ్డ మీద మిద్దెంత ఎత్తున తన ఊరే కదులుతోంది. గొడ్లు తోకలాడిస్తున్నాయి. వేపకొమ్మ ఊగుతోంది. ఆమె రెప్ప వేయడం మరిచిపోయి చూస్తోంది.

గుడ్డ పక్కన మైకు పట్టుకున్నవాడు దేవేంద్రప్ప, కర్నూలు నాటకాల్లో పేరుమోసిన హాస్యగాడు. ఆయన తుమ్మినా జనం నవ్వుతారు. కర్నూలు రాజధాని అయిన ఏడాది నుంచి ఆయనకు కొత్త పిచ్చి పట్టుకుంది. ఊరూరా తిరిగి జనం బతుకులను చిన్న చిన్న సినిమాలుగా తీస్తున్నాడు. ఒకటి సారాయి మీద, ఇంకొకటి చిన్నపిల్లల పెళ్లిళ్ల మీద. బనగానపల్లె పక్కనున్న ఈ ఊళ్లో తీసింది మూడోది. అది దేనిమీదో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ముందు తెల్లపంచె కట్టిన దేవేంద్రప్ప కనిపించాడు. రెడ్డిగారి ఇల్లాలు సుబ్బలక్ష్మమ్మ ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి వెండిచెంబుతో మజ్జిగ ఇచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. ముందువరుస కుర్చీలో ఉన్న సుబ్బలక్ష్మమ్మ కొంగు సర్దుకుంది. ఆ మురిపెం చూడాలి!

తర్వాత బావి వచ్చింది. గోచి, మాసిన తలగుడ్డ, మసిబారిన మొహంతో ఎవడో కూలివాడు. వాడి పక్కన ఖాళీ కడవతో జీవమ్మ. తనను తాను చూసుకుని ఆమె గుండె ఝల్లుమంది. ఆ రోజు వాడు కడప వైపు నుంచి పనికొచ్చానని, తానూ వాడమనిషినేనని చెప్పాడు. జీవమ్మ వాడవాళ్లు బావి చేద ముట్టకూడదు, ఊరివాళ్లెవరైనా తోడి పోయాల్సిందే. వాడు ఈగలు తోలుకుంటూ వెకిలి చేష్టలు చేస్తుంటే జనం పడీపడీ నవ్వారు. సుబ్బలక్ష్మమ్మ వచ్చింది, ఏదో అంది, పోయింది. ఎద్దులొచ్చి తొట్టిలో కడుపునిండా తాగి వెళ్లాయి. కాళ్ల కిందున్న నీడలు బారెడు సాగాయి. అప్పుడు వాడు తలగుడ్డ విప్పి చెమట తుడుచుకున్నాడు. మసి పోయింది. దేవేంద్రప్ప!

ఒక్కరూ నవ్వలేదు. ఆ పూటంతా తన పక్కన ఎండలో నిలబడింది ఈ మహానుభావుడా అని జీవమ్మ ఒళ్లు గగుర్పొడిచింది.

"చెట్టుచాటున పెట్టిన ఈ కెమెరాకు చెవులు లేవు," అన్నాడు దేవేంద్రప్ప మైకులో. "ఆ పొద్దు ఆయమ్మ మాతో ఏమనిందో ఇన్నోళ్లు ఈడ ఎవురన్నా ఉండారా?"

ఆయన కాక విన్నది జీవమ్మ ఒక్కతే. ఏసన్న ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నోరెత్తితే రెడ్డిగారి మామిడితోటలో రేపటినుంచి పనుండదని గొణిగాడు. నిజమే, ఆ తోటే వాళ్లకు కూడు పెడుతోంది. కానీ గుడ్డ మీద తన మొహం అంత పెద్దగా, అంత మూగగా నిలిచి ఉంది. దాన్ని చూస్తే ఆమెకే కోపం వచ్చింది. చెయ్యి విడిపించుకుని లేచింది.

"ముందు గొడ్లు తాగనీ, మీరు నిలబడండి అనిందప్పా."

తన గొంతు అంతదూరం పోతుందని ఆమెకే తెలియదు. ముందువరుసదాకా తలలన్నీ తిరిగాయి.

సుబ్బలక్ష్మమ్మ లేచింది. జీవమ్మ వైపు చూడనైనా చూడలేదు. దేవేంద్రప్పతోనే మాట్లాడింది.

"ఆ మనిషి నువ్వని నాకేం తెలుసప్పా? తెలిసుంటే నా చేతులారా పోసిందును గదా."

దేవేంద్రప్ప ఏదో అనబోయాడు. అంతలో వెనకనుంచి జీవమ్మే అంది.

"నేనని తెలుసు గదమ్మా నీకు."