ఎర్రావు లేచే తీరు

"ఈ నూనె రంగులు ఎప్పటికి ఆరుతాయే? ఒకవేళ డాక్టరుగారు వచ్చి వేలు పెడితే, ఆవు మూతి ఆయన చొక్కాకి అంటుకుని వెళ్ళిపోదూ?" అంది తల్లి.

అప్పటికి ఆవూ లేదు, మూతీ లేదు. తెల్లటి కాన్వాసు ఒక్కటి కిటికీ పక్కన స్టాండు మీద ఉంది.

"ముందు ఆవుని పుట్టనీ అమ్మా," అంది కూతురు, రంగుల్లో కలిపే అవిసె నూనె సీసా మూత తిప్పుతూ.

ఇంట్లో తల్లికి 'ఒకవేళమ్మ' అని పేరు పెట్టింది భర్తే. ఆమె నొచ్చుకోలేదు. ఒకవేళ ఇంతకన్నా పాడు పేరు పెట్టి ఉంటే?

ఈసారి మాత్రం ఆమె భయానికి ఆధారం ఉంది. బొమ్మ అడిగినాయన పశువుల డాక్టరు. తన ఆసుపత్రి గోడకు పచ్చిక బయలూ, వాగూ, మందా కావాలన్నాడు. ఇదివరకు ఎవరో వేసిన ఎద్దుకి, పశువులకు ఉండని పైదవడ ముందుపళ్ళు ఉన్నాయని, మాటైనా అనకుండా తిప్పి పంపేశాడట. కూతురికి ఇదే మొదటి పెద్ద బొమ్మ. "ఇది తిరిగొస్తే మళ్ళీ బళ్ళకి నంబరు ప్లేట్లు రాసుకుంటా" అని నవ్వుతూనే అంది కానీ, ఆ నవ్వు తల్లికి నచ్చలేదు.

పది రోజుల్లో కాన్వాసు మీద గడ్డి మొలిచింది. వాగు పారింది. గొర్రెలు దిగాయి. అన్నిటికన్నా ముందు వరసలో, పడక చాలించి లేస్తున్న ఎర్రావు. రేపు డాక్టరు చూడడానికి వస్తాడనగా, తల్లి టీ గ్లాసుతో వచ్చి ఆ ఆవు ఎదుట ఆగిపోయింది.

పెళ్ళయ్యేదాకా పాలు పితికిన చేతులు ఆమెవి. ఎక్కడో తేడా కొడుతోంది. చెబితే పిల్ల మనసు విరుగుతుందేమో. చెప్పకపోతే డాక్టరే విరిచేస్తాడేమో. టీ చల్లారిపోయింది.

"ఏంటమ్మా, దిష్టి పెడుతున్నావా?"

"అది గుర్రంలా లేస్తోందే. ముందుకాళ్ళతో."

"మరెలా లేవాలి?"

నోటితో చెప్పడం ఆమెకు చేతకాలేదు. గ్లాసు పక్కన పెట్టి నేల మీద చేతులూ మోకాళ్ళూ ఆనించింది. "ఇదిగో, మొదట వెనక కాళ్ళు. అప్పుడు ముందరి మోకాళ్ళ మీద ఒక్క క్షణం ఆగుతుంది, బద్ధకంగా. ఆ తర్వాతే ముందుకాళ్ళు."

"ఇంకోసారి, మెల్లగా," అంటూ కూతురు గబగబా పెన్సిలుతో గీసుకుంది. తల్లి మూడోసారి లేస్తుండగా భర్త గుమ్మంలోకి వచ్చాడు.

"దాణా ఏమైనా తేనా?"

"ముందు ఆ తలుపు వేయండి. ఒకవేళ పక్కింటివాళ్ళు చూస్తే?"

నవ్వి నవ్వి కూతురికి పొట్ట పట్టేసింది. తేరుకున్నాక రంగుల కత్తితో ఆవు ముందరి భాగాన్ని, వీపునూ గీకి పారేసింది. "నువ్వన్నట్టే ఆరలేదు, చూశావా? ఆరి ఉంటే మునిగిపోయేవాళ్ళం."

తన భయం ఒకరికి పనికి రావడం తల్లికి కొత్త. కూతురు పెన్సిలుతో గీసుకున్న తీరున ఆవుని మళ్ళీ వేస్తుంటే, ఆ పూటంతా వంటింట్లో కూనిరాగం తీసింది.

మర్నాడు డాక్టరు వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని వాగు చూశాడు, గొర్రెలను చూశాడు, ఎర్రావు దగ్గర ఆగాడు. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన వేలికీ తడి రంగుకీ మధ్య తల్లి కాపలా నిలబడింది. ఉండబట్టలేక, "తప్పేమైనా ఉందాండీ?" అంది.

డాక్టరు ఆవు వైపు ఇంకాస్త వంగాడు. కూతురు తుడిచిన బ్రష్షునే తుడుస్తోంది. వాళ్ళ నాన్న దగ్గబోయి మానుకున్నాడు.

డాక్టరు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"కాస్త పక్కకి జరగండమ్మా. అది లేస్తోంది."