తువ్వాల కింద చెయ్యి

పెబ్బేరు సంతలో జలాలుద్దీన్‌ది ఓపికగల చెయ్యి అని పేరు. ఎద్దుల బేరంలో తువ్వాల కింద అవతలివాడి వేళ్లు పట్టుకుని, నొక్కుళ్లతోనే గుట్టుగా ధర చెప్పి, వాడు మెత్తబడేదాకా కదలకుండా కూర్చోగలడు. అలాంటివాడికి వనపర్తి దవాఖానలో, భార్య సుగ్రా బేగంను ఆపరేషన్‌కు తీసుకెళ్లిన తలుపు ముందు నిలకడ లేకుండా పోయింది.

"యా అల్లా, ఆమెను బతికియ్యి. దర్గాకాడ పొట్టేలిస్త," అని మొక్కాడు. తలుపు తెరుచుకోలేదు. "పొట్టేలు చాలదా? కోడెనే ఇస్త."

సంతలో ఎప్పుడూ అతనితో పోటీపడే దశరథమే వాళ్లను ఆటోలో తీసుకొచ్చాడు. ఇప్పుడు జలాలుద్దీన్ చెయ్యి పట్టుకుని పైన తన తువ్వాల కప్పాడు. అలవాటుకొద్దీ జలాలుద్దీన్ వేళ్లు ధర చెప్పబోయాయి. దశరథం వేళ్లు బదులివ్వలేదు.

"ఏంది భాయ్, దేవునితోటి గూడ బేరమేనా? జర ఊకె కూసో."

జలాలుద్దీన్‌కు నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ అతను ఓపిక పట్టింది లాభం కోసం. ఇక్కడ ఇవ్వడానికి తన దగ్గరున్నది ఆ ఓపిక ఒక్కటేనని అప్పుడు తోచింది. వేళ్లు వదులు చేసి కళ్లు మూసుకున్నాడు. భయం పోలేదు గానీ, దాని పక్కన ఎవరో వచ్చి కూర్చున్నట్టనిపించింది.

నర్సు బయటికొచ్చింది. "రక్తం ఆగింది. ఇంకా తెలివి రాలే, ఆగాలె."

"ఆగుత బిడ్డా," అన్నాడు జలాలుద్దీన్. తువ్వాల కింద చెయ్యి కదలలేదు.